థండర్‌బర్డ్ మూసి తెరిస్తే నిన్న ఆపిన చోటికే రావాలంటే

రాయగడ అన్నయ్యా, మీరు అడిగింది అర్థమైంది. పొద్దున్న షాపు తీసి, మెయిల్సు చూసుకునే ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ తెరిస్తే నిన్న రాత్రి చూస్తున్న పార్టీల (మనతో బేరం చేసేవాళ్ళ) మెయిల్సు ఏవీ ఉండట్లేదు, మళ్ళీ ఇన్‌బాక్స్ మొదటికే వచ్చేస్తోంది, ఎక్కడ ఆపామో వెతుక్కోడానికే అరగంట పోతోంది, సెట్టింగ్స్ అన్నీ తిప్పి చూసినా దానికో బటన్ దొరకలేదు అన్నారు. నేను పర్లాకిమిడిలో మా మావయ్య జీడిపప్పు వ్యాపారానికి మెయిల్సూ బిల్లులూ చూస్తుంటాను, ఇదే బాధ దాదాపు ఏడాది పడ్డాను, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు ఒకటి, ఆ బటన్ మీకు దొరకకపోవడం మీ తప్పు కాదు, అది అసలు లేదు. ఫైర్‌ఫాక్స్‌లో పాత ట్యాబులతో తెరవమని టిక్ పెట్టుకునే చోటు ఉంటుంది కదా, ఆ అలవాటుతో థండర్‌బర్డ్‌లో కూడా అందరం అదే వెతుకుతాం. ఇక్కడ అది అడక్కుండానే చేస్తుంది. మీ ప్రొఫైల్ ఫోల్డర్లో, అంటే థండర్‌బర్డ్ మీ మెయిల్సూ సెట్టింగ్సూ దాచుకునే ఫోల్డర్లో, సెషన్.జేసన్ (session.json) అని చిన్న ఫైలు ఉంటుంది, ఏ ట్యాబులు తెరిచి ఉన్నాయి, ఏ ఫోల్డర్లో ఉన్నారు అన్నది అందులో రాసి పెట్టుకుంటుంది, నడుస్తున్నంతసేపూ కొన్ని నిమిషాలకోసారి రాస్తుంది, మూసేటప్పుడు ఆఖరుగా ఇంకోసారి రాస్తుంది. తెరిచినప్పుడు ఆ ఫైలు చదివి ఉన్నదున్నట్టు పెడుతుంది. అంటే మీకు రావట్లేదంటే ఆ ఫైలు రాయడమైనా సరిగ్గా అవ్వట్లేదు, లేదా మీరు చూస్తున్నవి అందులోకి ఎక్కే రకం కాదు. నాకు రెండూ ఉన్నాయి.

మొదటిది కరెంటు. మాకు సాయంత్రం కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యానూ లైటూ నడుస్తాయి గానీ కంప్యూటరుకి వేరే చిన్న యూపీఎస్, అది పది నిమిషాలు కూడా ఆగదు. పైగా షాపు కట్టేసేటప్పుడు మావయ్య మెయిన్ స్విచ్ దించేసేవారు, కంప్యూటర్ నడుస్తున్నా సరే. అలాగ ఆగితే ఆఖరుగా రాసుకోవాల్సింది రాసుకోదు, మర్నాడు తెరిస్తే కొంచెం ముందటి స్థితి వస్తుంది, ఒక్కోసారి ఏమీ రాదు. మెనూలోకి వెళ్ళి ఎగ్జిట్ నొక్కి, అది పూర్తిగా పోయాక విండోస్ షట్‌డౌన్ చేసి, అప్పుడు స్విచ్ దించడం అని మావయ్యకి నెల రోజులు చెప్పాను. సరిగ్గా మూస్తే ఇది ఎంత నమ్మకంగా పని చేస్తుందో నాకు తెలిసింది 2018 అక్టోబరులో. తిత్లీ తుపాను వస్తోందని ముందు రోజే చెప్పారు, నేను అన్నీ పద్ధతిగా మూసి సీపీయూ విప్పి మేడ మీదకి చేర్చాను. 11వ తారీకు తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, ఆ తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చాక తెరిస్తే టెక్కలి పార్టీ ఫోల్డరూ, తుపానుకి ముందు సగం చదివిన రెండు మెయిల్సూ అలాగే కళ్ళ ముందు ఉన్నాయి. అన్ని రోజుల గందరగోళం తర్వాత అది చూస్తే నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

రెండోది ఇంకా ముఖ్యం, చాలామందికి తెలీదు. మెయిల్ మీద డబల్ క్లిక్ కొడితే అది వేరే విండోలో తెరుచుకుంటోందా, ట్యాబులో తెరుచుకుంటోందా చూడండి. విడి విండోల్లో తెరిచిన మెయిల్సుని థండర్‌బర్డ్ గుర్తు పెట్టుకోదు, మెయిన్ విండోలో ఉన్న ట్యాబుల్నే గుర్తు పెట్టుకుంటుంది. నేను ఏడాది పాటు అన్నీ విండోల్లోనే తెరిచేవాణ్ణి, మూస్తే అన్నీ పోయేవి. సెట్టింగ్స్‌లో జనరల్ కింద మెసేజ్ ఎక్కడ తెరవాలి అని ఉంటుంది, అక్కడ కొత్త ట్యాబ్ అని పెట్టండి. పని మిగిలిన మెయిల్ ట్యాబుని మూయకుండా అలాగే వదిలి ఎగ్జిట్ కొట్టండి, పొద్దున్న అక్కడే ఉంటుంది. పొరపాట్న ట్యాబ్ మూసేస్తే కంట్రోల్ షిఫ్ట్ టీ నొక్కితే వెనక్కి వస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం, ట్యాబులో ఉన్న మెయిల్ని వేరే ఫోల్డర్లోకి తోసేస్తే తర్వాత ఆ ట్యాబ్ తిరిగి రాదు, ఎందుకంటే అది వెతికే చోట ఆ మెయిల్ ఉండదు, అందుకని సర్దుకోవడం పని అయ్యాకే పెట్టుకోండి. అలాగే మెయిన్ విండోలు రెండు తెరుచుకునే అలవాటుంటే ఒక్కోటి ఇంటూ గుర్తుతో మూయకండి, ముందు మూసినది పోతుంది, ఎగ్జిట్ కొడితే రెండూ ఉంటాయి.

ఇవన్నీ చేసినా నాకు ఒక వారం మళ్ళీ మొదటికొచ్చింది. రోజూ ఇన్‌బాక్సే. చివరికి చూస్తే సి డ్రైవ్ నిండిపోయి ఉంది, చోటు లేక ఫైలు రాయలేకపోతోంది. మా దగ్గర పార్టీలు పప్పు శాంపిల్ ఫొటోలు మెయిల్లోనే పంపుతారు, నేను డిలీట్ చేస్తూనే ఉన్నాను కదా అనుకున్నాను, కానీ మామూలుగా థండర్‌బర్డ్ ఒక ఫోల్డర్లోని మెయిల్సన్నీ ఒకే పెద్ద ఫైలుగా దాస్తుంది, డిలీట్ కొడితే గుర్తు పెడుతుందే గానీ చోటు ఖాళీ అవదు, ఫైల్ మెనూలో కాంపాక్ట్ ఫోల్డర్స్ కొడితే ఖాళీ అవుతుంది. ట్రాష్ ఖాళీ చేసి అది కొట్టాక చోటు వచ్చింది, ట్యాబులూ వచ్చాయి. చోటు ఉన్నా రాకపోతే ఆ సెషన్ ఫైలు పాడై ఉండొచ్చు. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ తెరిచే బటన్ ఉంటుంది, అది తెరిచి పెట్టుకుని, థండర్‌బర్డ్‌ని పూర్తిగా మూసి, ఆ ఫైలు పేరు మార్చండి, డిలీట్ వద్దు. మళ్ళీ తెరిస్తే కొత్తది తయారవుతుంది. మెయిల్సుకి ఏమీ కాదు, అందులో ఉన్నది ట్యాబుల జాబితాయే. ఇది ప్రొఫైల్లోనే ఉంటుంది కాబట్టి నేను కొత్త కంప్యూటరుకి ప్రొఫైల్ మొత్తం కాపీ చేసినప్పుడు ట్యాబులు కూడా వెంట వచ్చాయి.

సగం రాసిన జవాబుల సంగతి వేరు. థండర్‌బర్డ్ మూసి తెరిస్తే జవాబు రాస్తున్న విండో తిరిగి రాదు, అది డ్రాఫ్ట్స్‌లో వెతుక్కోవాలి. కంపోజిషన్ సెట్టింగ్స్‌లో ఐదు నిమిషాలకోసారి ఆటో సేవ్ అని ఉంటుంది, నేను దాన్ని ఒక నిమిషం చేసుకున్నాను, మన వైపు కరెంటుకి ఐదు నిమిషాలు ఎక్కువే.

మీ తమ్ముడి కంప్యూటర్లో అవుట్‌లుక్ అన్నారు కదా, పాత తరహా అవుట్‌లుక్ అయితే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో ఏ ఫోల్డర్‌తో మొదలవ్వాలో ఎంచుకోవచ్చు, అది నిన్నటి ఫోల్డర్ కాదు, ఎప్పుడూ అదే ఫోల్డర్. మైక్రోసాఫ్ట్ 365 వాడుతుంటే ఆప్షన్స్‌లో జనరల్ కింద స్టార్టప్ దగ్గర ఇదివరకు తెరిచిన వాటిని ఎప్పుడూ తెరువు అని కూడా పెట్టుకోవచ్చు, అక్కడ విడి విండోలు కూడా వస్తాయి.

చివరగా నేను రోజూ చేసేది చెప్తాను. 1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు మా ఊరు ఒరిస్సాలోకి వచ్చింది, పలాస టెక్కలి ఇప్పటి ఆంధ్ర వైపే ఉండిపోయాయి, వ్యాపారం మాత్రం రెండు వైపులా ఉంది. పొద్దున్న బరంపురం నుంచి ఒడియాలో ఒక మెయిలు, గంటకి పలాస నుంచి తెలుగులో, ఇంకోటి ఇంగ్లీషులో. ఎవరికి జవాబిచ్చానో ఎవరికి లేదో తలలో ఉండదు. ఒకసారి ట్యాబులు పోయిన రోజునే ఒక పార్టీకి రేటు పంపడం మర్చిపోయాను, వాళ్ళు వేరే చోట కొనేసుకున్నారు, మావయ్య ఏమీ అనలేదు గానీ నాకు చాలా బాధేసింది. అప్పట్నుంచి ఎక్కడ ఆపానో ఆ మెయిలుకి స్టార్ పెట్టి మరీ మూస్తాను. ట్యాబ్ పోయినా, కరెంటు పోయినా స్టార్ మెయిలు మీదే ఉంటుంది, క్విక్ ఫిల్టర్లో స్టార్ నొక్కితే అవి మాత్రమే కనిపిస్తాయి.

మీరు ముందు డబల్ క్లిక్ కొడితే విండోనా ట్యాబా అన్నది, సి డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో అన్నది, ఈ రెండూ చూసి చెప్పండి అన్నయ్యా, రెండూ బాగుంటే అప్పుడు సెషన్ ఫైలు దగ్గరికి వెళ్దాం.