క్విబెక్ పల్లెలో ఫ్రెంచ్ బాప్టిస్టు సంఘం చరిత్ర రాయడం: ఏ రికార్డు ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ పొరపడతాం

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. రిషెల్యూ లోయలో మీరు వెళ్లే చిన్న ఫ్రెంచ్ సంఘానికి చరిత్ర పుస్తకం ఎలా కూర్చాలన్నది ఒకటి. ఇన్నేళ్లలో ఆ సంఘం ఎందుకు పెరగలేదన్నది రెండోది. రెండోదానికి జవాబు తెలియకుండా మొదటి పని మొదలుపెట్టకండి. లేకపోతే పుస్తకమంతా పాస్టర్ల పేర్ల పట్టికే అవుతుంది.

ఆ ప్రాంతంలోని ఫ్రెంచ్ బాప్టిస్టు సంఘాలకు గ్రాండ్ లీన్ అనే పల్లెలో మొదలైన మిషన్ తల్లిలాంటిది. స్విట్జర్లాండులోని వో ప్రాంతం నుంచి హెన్రియెట్ ఫెల్లర్ అనే వితంతువు, లూయీ రూసీ అనే యువకుడు 1835లో మాంట్రియల్ చేరారు. మరుసటి ఏడు ఫెల్లరమ్మ గ్రాండ్ లీన్‌లో ఒక ఇంటి అటకమీద బడి పెట్టింది. పగలు పిల్లలకు చదువు, సాయంత్రం పెద్దలకు బైబిలు. 1837లో బ్రిటిష్ పాలన మీద జరిగిన తిరుగుబాటు రోజుల్లో ఇరుగుపొరుగు ఇళ్లమీదికి రావడంతో, విశ్వాసులంతా సరిహద్దు దాటి న్యూయార్క్ రాష్ట్రంలోని షాంప్లెయిన్‌లో తలదాచుకుని, తర్వాత తిరిగొచ్చారు. అదే తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన డాక్టర్ సిరీల్ కోతే తర్వాత ఈ సంఘంలో చేరి కాపరి అయ్యాడు. ఈ సంగతి తప్పకుండా రాయండి. ఊరికి, సంఘానికి మధ్య ఉన్నది పగ ఒక్కటే కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

మొదటి అధ్యాయంలోనే చాలామంది ఒక తప్పు చేస్తారు. “1835 నుంచి బాప్టిస్టు సంఘం” అని రాసేస్తారు. అది నిజం కాదు. మొదట్లో అది ఏ శాఖకూ చెందని సువార్త పని. బాప్టిస్టు సంస్థలతో లాంఛనంగా కలిసింది 1840ల్లో. కాబట్టి ఆ తొలి పదేళ్లను విడిగా చూపించండి.

ఇక రికార్డులు. ఊరి పేరుతోనే చిక్కు మొదలవుతుంది. ఇప్పుడు ఆ చోటు సాన్ బ్లేజ్ మునిసిపాలిటీలో ఉంది, పాత కాగితాల్లో లాకాదీ పారిష్ (ఒక కాథలిక్కు చర్చి పరిధి) కింద కనిపిస్తుంది, మిషన్ కాగితాల్లో గ్రాండ్ లీన్ అనే ఉంటుంది. మూడు పేర్లతోనూ వెతకాలి. మీ సంఘం వేరే ఊళ్లో ఉన్నా ఇదే పద్ధతి: ముందు ఆ ఊరికి ఏ కాలంలో ఏ పేరు, ఏ పారిష్, ఏ కోర్టు జిల్లా అన్నది ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

క్విబెక్‌లో 1994 దాకా పుట్టుక, పెళ్లి, చావు రిజిస్టర్లను చర్చీలే రాసేవి. ప్రతి పుస్తకానికీ రెండు ప్రతులు: ఒకటి చర్చిలో ఉండేది, రెండోది కోర్టుకు వెళ్లేది. చర్చి ప్రతి కాలిపోయినా కోర్టు ప్రతి మిగిలి ఉండొచ్చు. పాతవి క్విబెక్ జాతీయ ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి, 1940ల్లో ద్రూయెన్ అనే వంశచరిత్ర సంస్థ తీసిన మైక్రోఫిల్ముల్లోనూ ఉన్నాయి. కాథలిక్కేతర చిన్న శాఖలకు ఈ పుస్తకం పెట్టుకునే హక్కు చట్టాల ద్వారా ఒక్కొక్కదానికీ విడిగా వచ్చింది. కనుక తొలినాళ్ల పెళ్లిళ్లు దగ్గర్లోని వేరే ప్రొటెస్టెంటు చర్చి పుస్తకంలో ఉండొచ్చు. అక్కడ కూడా చూడండి.

బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు కదా, అందుకని రిజిస్టరులో ఉండేది పుట్టుక నమోదు మాత్రమే. బాప్తిస్మం తేదీ కావాలంటే సంఘం మినిట్స్ పుస్తకమే (సమావేశాల్లో జరిగింది రాసుకునే పుస్తకం) గతి. ఈ రెంటినీ కలిపేస్తే పదిహేడేళ్ల పిల్లాడు పసిబిడ్డ అయిపోతాడు. మినిట్స్‌లో మూడు రకాల చేర్పులుంటాయి: బాప్తిస్మం ద్వారా, వేరే సంఘం ఇచ్చిన ఉత్తరం ద్వారా, బయటకు వెళ్లినవాళ్లను తిరిగి చేర్చుకోవడం ద్వారా. తీసివేతలూ మూడు: మరణం, వేరే సంఘానికి ఉత్తరం, వెలి. ఆరింటికీ ఆరు గళ్లు గీసి ఏడాదివారీగా లెక్క వేయండి. మీ రెండో ప్రశ్నకు జవాబు ఆ పట్టికలోనే కనబడుతుంది. ఒక్క మాట: సభ్యుల సంఖ్యలో పిల్లలు, బాప్తిస్మం తీసుకోకుండా ఆరాధనకు వచ్చేవాళ్లు ఉండరు. “పన్నెండుమంది సభ్యులు” అంటే ఆదివారం బెంచీల మీద పన్నెండుమందే కూర్చున్నారని కాదు.

1871 నుంచి కెనడా జనగణనలో మతం గడి పక్కనే మూలం (పూర్వీకులు ఏ జాతివాళ్లు) గడి కూడా ఉంది. మూలం ఫ్రెంచ్, మతం బాప్టిస్టు అని ఉన్న ఇళ్లను ఏరితే ఆనాటి సంఘ కుటుంబాలు చాలావరకు బయటపడతాయి. పదేళ్ల తర్వాతి గణనలో అవే ఇళ్లు వెతకండి. సగం కనబడకపోతే కంగారు పడకండి. 1840 నుంచి 1930 లోపు దాదాపు 9 లక్షల మంది ఫ్రెంచ్ కెనడియన్లు అమెరికాకు వలసపోయారు, ఎక్కువమంది న్యూ ఇంగ్లండ్ బట్టల మిల్లులకు. అక్కడ రువా ఇంటిపేరు కింగ్ అయింది, బువావేర్ గ్రీన్‌వుడ్ అయింది. పేరుకు అర్థం తెలుసుకుని దాని ఇంగ్లీషు రూపంతోనూ వెతకాలి. ఆడవాళ్లను మాత్రం పుట్టింటి పేరుతో వెతకండి, క్విబెక్ రిజిస్టర్లు అలాగే రాస్తాయి.

తేదీల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. పాత ఫ్రెంచ్ రాతలో 7 అంకె పక్కన “బ్ర్” అని ఉంటే అది జులై కాదు, సెప్టెంబరు. 8 అయితే అక్టోబరు, 9 నవంబరు, రోమన్ పది ఉంటే డిసెంబరు. దీన్ని గమనించక రెండేసి నెలలు తప్పిన పుస్తకాలు అచ్చయ్యాయి.

పెరగకపోవడానికి వలస ఒక కారణం. అంతకన్నా లోతైనది బడి. 1998 దాకా క్విబెక్‌లో స్కూలు బోర్డులు మతం ప్రకారం ఉండేవి: కాథలిక్కు బోర్డు అంటే చాలావరకు ఫ్రెంచ్, ప్రొటెస్టెంటు బోర్డు అంటే చాలావరకు ఇంగ్లీషు. ఫ్రెంచ్ ప్రొటెస్టెంటు పిల్లవాడు తన విశ్వాసానికి తగిన బడికి వెళ్తే భాష పోయేది. మనవడి తరానికి ఇంగ్లీషు చర్చిలో చేరేవాడు. అలా వెళ్లినవాళ్లను “పడిపోయినవాళ్లు” అని రాయకండి, వాళ్ల పేర్లు పక్క ఊరి ఇంగ్లీషు సంఘం పుస్తకంలో బతికే ఉంటాయి. గ్రాండ్ లీన్‌లో ఫెల్లర్ బడి 1967 దాకా నిలబడింది ఈ ఖాళీని పూడ్చడానికే. రెండో ప్రపంచయుద్ధంలో ఆ భవనాన్ని జర్మన్ యుద్ధఖైదీల శిబిరంగా వాడారు. ఆ ఏళ్లకు బడి రికార్డు తెగిపోయి ఉంటే కారణం అదే.

మిషన్ ఉత్తరాలు, నివేదికలు చూడాలంటే ఒంటారియోలో హామిల్టన్ నగరంలోని మెక్‌మాస్టర్ దైవశాస్త్ర కళాశాలలో ఉన్న కెనడియన్ బాప్టిస్టు ఆర్కైవ్స్‌కు ముందుగా రాసి సమయం తీసుకోండి. లోపలికి పెన్సిలే తీసుకెళ్లాలి. మీ సంఘం దగ్గరున్న పాత పుస్తకాలకు మాత్రం టేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. ప్రతి పేజీ ఫొటో తీసి, పేజీ నంబరే ఫైలు పేరుగా పెట్టండి.

హామిల్టన్ వెళ్తే ఇంకొకటి కూడా చూసి రండి. 1874లో కాకినాడకు జాన్ మెక్లారిన్‌ను పంపింది ఈ కెనడా బాప్టిస్టులే. అంతకుముందే అక్కడ థామస్ గాబ్రియేలు అనే తెలుగువాడు పని మొదలుపెట్టి ఉన్నాడు. ఆ తెలుగు మిషన్ కాగితాలూ అదే ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.