ఈ ఫైలు ఏ ప్యాకేజీది? లినక్స్ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి లినక్స్ అడ్మిన్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాను. ఒక ఫైలును ఏ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసిందో ఎలా కనుక్కుంటారని ఇంటర్వ్యూలో అడిగితే కమాండ్ చెప్పాను. అది ఏ పేరూ చూపకపోతే ఏం చేస్తారంటే జవాబు చెప్పలేకపోయాను. ఎలా సిద్ధం కావాలి?

జవాబు: మొదటి ప్రశ్నకు కమాండ్ గుర్తుంటే చాలు. రెండోదానికి ప్యాకేజీ మేనేజర్ (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసి, తొలగించే ప్రోగ్రాం) పనితీరు తెలియాలి. నా ఉద్దేశంలో మిమ్మల్ని అంచనా వేసింది దానితోనే.

ఉబుంటు, డెబియన్‌లలో డీపీకేజీకి పెద్ద ఎస్ ఆప్షన్, రెడ్‌హ్యాట్, ఫెడోరాలలో ఆర్‌పీఎంకు క్యూ, ఎఫ్ ఆప్షన్లు ఇచ్చి ఫైలు పూర్తి పాత్ (అది ఉన్న చోటు) రాస్తారని మీకు తెలుసు. అయితే ఆ జవాబు ఫైలును పరిశీలించి ఇచ్చేది కాదు. ప్యాకేజీ తనతో తెచ్చిన ఫైళ్ల పేర్లు ఇన్‌స్టాల్ సమయంలో నమోదవుతాయి, కమాండ్ ఆ నమోదును మాత్రమే వెతుకుతుంది. కాబట్టి నమోదులో లేని ఫైలుకు యజమాని దొరకదు.

ఉదాహరణకు ఉబుంటులో యూఎస్ఆర్ బిన్ డైరెక్టరీలోని జావా గురించి అడిగితే ఏ ప్యాకేజీ పేరూ రాదు. ఎందుకంటే అది ఆల్టర్నేటివ్స్ వ్యవస్థ (ఒకే కమాండ్‌కు ఉన్న పలు వెర్షన్లలో ఒకదాన్ని ఎంచుకునేది) సృష్టించిన సింబాలిక్ లింక్, అంటే మరో ఫైలును చూపే గుర్తు మాత్రమే. రీడ్‌లింక్ కమాండ్‌కు ఎఫ్ ఆప్షన్ ఇచ్చి అసలు ఫైలు పాత్ తెలుసుకుని, దానితో మళ్లీ అడిగితే ఓపెన్‌జేడీకే ప్యాకేజీ పేరు కనిపిస్తుంది. ఉబుంటు 22.04లో ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్‌ది మరో చిక్కు. విచ్ కమాండ్ దాని చోటు యూఎస్ఆర్ బిన్ అని చెబుతుంది, నమోదులో మాత్రం పాత బిన్ పాత్ (ఇప్పుడది యూఎస్ఆర్ బిన్‌కు లింక్) ఉంటుంది. ఆ పాత పాత్‌తో అడిగితేనే కోర్‌యుటిల్స్ అని వస్తుంది.

ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌వర్డ్ (passwd) ఫైలుకు డెబియన్‌లో యజమాని లేదు, రెడ్‌హ్యాట్‌లో సెటప్ ప్యాకేజీ ఉంది. ఈ తేడాను రెండు వర్చువల్ మెషిన్లలో మీరే చూడండి. యూఎస్ఆర్ లోకల్‌లోని ఫైలైతే ఎవరో సోర్స్ నుంచి కంపైల్ చేసి పెట్టి ఉండవచ్చు, లేదా పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ ద్వారా వచ్చి ఉండవచ్చు. ఫైలు మీ మెషిన్‌లో లేనేలేకపోతే డెబియన్, ఉబుంటులలో ఏపీటీ-ఫైల్, రెడ్‌హ్యాట్, ఫెడోరాలలో డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్ కమాండ్లు రిపాజిటరీలలో (ప్యాకేజీలు దొరికే భాండారాలలో) వెతుకుతాయి.

లినక్స్ అడ్మిన్ సర్టిఫికెట్ కోసం రెడ్‌హ్యాట్ పెట్టే ఈఎక్స్200 పరీక్షలో కూడా మెషిన్ ముందు కూర్చుని పనిచేసి చూపాలి. ఇప్పటి నుంచే ప్రతి ప్రయోగాన్నీ కమాండ్, వచ్చిన ఫలితం, దాని కారణం అనే వరుసలో నోట్సు రాసుకోండి. తర్వాతి ఇంటర్వ్యూలో పేరు రాకపోతే మొదట లింక్ అవునో కాదో, ఆ తర్వాత పాత్ నమోదైన రూపం, చివరగా ఫైలున్న డైరెక్టరీ పరిశీలిస్తానని ఇదే క్రమంలో చెప్పండి.