40 శాతం లేదని ప్రమోషన్ పరీక్షలో అదనపు సమయం ఇవ్వకపోతే?

ప్రశ్న: ప్రభుత్వ రంగ బ్యాంకులో 11 ఏళ్లుగా క్లర్కుగా చేస్తున్నాను. రోడ్డు ప్రమాదంలో కుడిచేతి నరం దెబ్బతిని వేళ్లు సరిగా ముడుచుకోవు. సదరం సర్టిఫికెట్‌లో 30 శాతం చలన వైకల్యం అని రాశారు. వచ్చే నెలలో ఆఫీసర్ ప్రమోషన్‌కు 120 నిమిషాల ఆన్‌లైన్ పరీక్ష ఉంది. అదనపు సమయం అడిగితే, 40 శాతం ఉన్నవాళ్లకే ఇస్తామని హెచ్ఆర్ వాళ్లు నోటిమాటగా చెప్పారు. మౌస్ నొక్కడమే కదా, రాసేదేముంది అని కూడా అన్నారు. నాకు హక్కు లేదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఉంది. మీ హెచ్ఆర్ వాళ్లు రెండు వేర్వేరు విషయాలను కలిపేశారు. 40 శాతం అన్న గీత ప్రధానంగా రిజర్వేషన్ కోసం గీసింది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో దీన్ని ‘బెంచ్‌మార్క్ డిసేబిలిటీ’ అంటారు. సెక్షన్ 34 కింద 4 శాతం పోస్టుల కోటా కావాలంటే ఆ గీత దాటాలి. కానీ అదే చట్టం సెక్షన్ 2(ఎస్)లో ‘వైకల్యం ఉన్న వ్యక్తి’కి ఇచ్చిన నిర్వచనంలో శాతం ఊసే లేదు. దీర్ఘకాలిక లోపం, దానివల్ల అందరితో సమానంగా పాల్గొనలేకపోవడం, ఇంతే. ఆ నిర్వచనంలోకి వచ్చే ప్రతి ఉద్యోగికీ సహేతుకమైన వెసులుబాటు కల్పించాలని సెక్షన్ 20(2) ప్రభుత్వ సంస్థలను ఆదేశిస్తోంది. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ప్రమోషన్ నిరాకరించకూడదని సెక్షన్ 20(3) అంటోంది. జాతీయం చేసిన బ్యాంకు ఈ చట్టం లెక్కలో ప్రభుత్వ సంస్థే. వెసులుబాటు ఇవ్వకపోవడం కూడా వివక్షేనని సెక్షన్ 2(హెచ్) స్పష్టంగా చెబుతోంది.

2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది సరిగ్గా ఈ విషయాన్నే. సివిల్ సర్వీసెస్ పరీక్షకు రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే సమస్య) ఉన్న అభ్యర్థి స్క్రైబ్‌ను, అంటే తన బదులు జవాబులు రాసిపెట్టే మనిషిని అడిగితే, బెంచ్‌మార్క్ వైకల్యం లేదంటూ యూపీఎస్సీ కాదంది. వెసులుబాటుకు 40 శాతం షరతు పెట్టడం చట్టానికి విరుద్ధమని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తర్వాతే కేంద్రం 2022 ఆగస్టు 10న, 40 శాతం కన్నా తక్కువ వైకల్యంతో రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. 2025 ఫిబ్రవరి 3న గుల్షన్ కుమార్ కేసులో బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నడిపే ఐబీపీఎస్ ప్రతివాదిగా ఉంది. బెంచ్‌మార్క్ వాళ్లకు ఇచ్చే పరీక్షా సౌకర్యాలు వైకల్యం ఉన్న అభ్యర్థులందరికీ ఇవ్వాలని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. మీ దరఖాస్తులో ఈ రెండు తీర్పుల పేర్లు, తేదీలు తప్పకుండా రాయండి.

ఆ మార్గదర్శకాలు ఉద్యోగ నియామక పరీక్షలకే, మా లోపలి ప్రమోషన్ టెస్టుకు కాదు అని బ్యాంకు వాదించే వీలుంది. అందుకే మీ కాగితంలో మార్గదర్శకాల కన్నా ముందు సెక్షన్ 20ని పెట్టండి. ప్రమోషన్ అన్న మాట ఆ సెక్షన్‌లోనే ఉంది. చట్టం ముందు ఆఫీసు సర్క్యులర్ నిలవదు.

ఇక మౌస్ మాట. ఇలాంటి కేసులు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే, అదీ సర్టిఫికెట్ వల్ల. సదరం పత్రం శాతం చెబుతుంది గానీ, ఆ చెయ్యి ఏం చేయలేదో చెప్పదు. మీకు కావలసింది రెండో పత్రం. 2022 మార్గదర్శకాల ప్రకారం చీఫ్ మెడికల్ ఆఫీసర్ లేదా సివిల్ సర్జన్ స్థాయి అధికారి అధ్యక్షతన ఎముకల డాక్టరు, మానసిక నిపుణుడు, అందుబాటులో ఉంటే న్యూరాలజిస్టు ఉన్న బృందం దాన్ని ఇచ్చేది; 2025లో మార్గదర్శకాలను సవరించారు కాబట్టి ఇప్పటి నమూనా ఏదో చూసుకోండి. మీకైతే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్ కార్యాలయంలో అడగండి. ప్రైవేటు డాక్టరు చీటీ వైద్య చరిత్రకు ఆధారంగా పనికొస్తుంది, దీనికి బదులు కాదు. పత్రంలో ‘రాయడంలో ఇబ్బంది’ అన్నంతటితో ఆపనివ్వకండి. కీబోర్డు, మౌస్ వాడటంలో వేగం తగ్గుతుందని, లెక్కలకు రఫ్ పేపరు మీద రాయడం కష్టమని కూడా రాయించండి. ఆన్‌లైన్ పరీక్షలోనూ లెక్క కాగితం మీదే వేసుకుంటారు, జవాబు మౌస్‌తోనే గుర్తిస్తారు. వైద్య బృందం ఆ మాట రాస్తే హెచ్ఆర్ వాదన అక్కడితో ఆగిపోతుంది. పత్రం మీద గడువు తేదీ ఉంటే పరీక్ష రోజు దాకా చెల్లుతుందో లేదో చూసుకోండి.

ఎంత సమయం అడగాలి? గంటకు కనీసం 20 నిమిషాలు. అంటే మీ 120 నిమిషాలకు 40 కలిపి మొత్తం 160. బెంచ్‌మార్క్ వాళ్ల కోసం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే లెక్క. స్క్రైబ్‌ను వాడుకోకపోయినా సమయం ఇవ్వాలని అక్కడ ఉంది. కాబట్టి స్క్రైబ్ వద్దు, సమయం మాత్రం కావాలి అని అడగవచ్చు. పేపర్లో సెక్షన్ల వారీగా టైమర్ ఉంటే మరింత జాగ్రత్త కావాలి. 30 నిమిషాల సెక్షన్ ఒక్కోటి 40 నిమిషాలు కావాలి. చివర్లో 40 నిమిషాలు కలిపితే అప్పటికే మూసుకుపోయిన సెక్షన్లకు ఉపయోగం లేదు. ఏ సెక్షన్‌కు ఎంత కలుపుతున్నారో రాతపూర్వకంగా చెప్పమనండి.

పరీక్ష నడిపే సాఫ్ట్‌వేర్ మీ లాగిన్‌కు ఎంత సమయం ఉండాలో ముందే ఎక్కించుకుంటుంది. ఆ రోజు ఇన్విజిలేటర్‌కు ఎంత మంచి మనసున్నా టైమర్ పెంచే అధికారం సాధారణంగా అతని చేతిలో ఉండదు. కనుక హాల్‌టికెట్ మీద కాంపెన్సేటరీ టైమ్ (అదనపు సమయం) ముద్రించారో లేదో చూడండి. లేకపోతే అదే రోజు ఈమెయిల్ పెట్టండి.

దరఖాస్తు ఈరోజే పెట్టండి. బ్యాంకు హెచ్ఆర్‌కు, సెక్షన్ 23 కింద నియమించిన గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) ఒకేసారి పంపండి. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో ఆయన విచారణ జరపాలి. మీకున్న నెలలో సగం అక్కడే పోతుంది గనక నోటిమాట మీద ఆగడానికి లేదు. జవాబు కాగితం మీద ఇవ్వమనండి. తిరస్కరిస్తే ఆ కాగితమే కోర్టులో మీ ఆధారం.

తిరస్కరించినా, రెండు వారాలు ఉలుకూపలుకూ లేకపోయినా, చాలామంది ఢిల్లీలో దివ్యాంగుల ఫిర్యాదులు చూసే చీఫ్ కమిషనర్‌కు రాసి ఊరుకుంటారు. అది సరిపోదు. కమిషనర్ విచారించి సిఫారసు చేస్తారు, సంస్థకు మూడు నెలల గడువు ఉంటుంది. కమిషనర్‌కు మధ్యంతర స్టే ఇచ్చే అధికారం లేదని 1995 నాటి పాత చట్టం కింద సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. పరీక్ష దగ్గర పడినప్పుడు దారి అమరావతిలోని హైకోర్టులో ఆర్టికల్ 226 రిట్. అదనపు సమయంతో పరీక్ష రాయనివ్వాలని, ఫలితం తుది తీర్పుకు లోబడి ఉండాలని మధ్యంతర ఉత్తర్వు అడగాలి.

పరీక్ష రోజు సమయం కోత పెడితే గొడవ పడకుండా, హాలు వదలకముందే సెంటర్ ఇన్‌చార్జికి రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద సంతకం, సమయం వేయించుకోండి. 2021 నవంబరులో అవనీ ప్రకాశ్ కేసులో నీట్ రాసిన అభ్యర్థినికి రావలసిన గంట అదనపు సమయం సెంటర్‌లో ఇవ్వలేదు. అన్యాయం జరిగిందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయినా మళ్లీ పరీక్ష పెట్టమనలేదు, సరిదిద్దే మార్గం చూడమని నీట్ నడిపే ఎన్‌టీఏకు చెప్పి వదిలింది. పోయిన నిమిషాలను తర్వాత ఏ కోర్టూ పూర్తిగా వెనక్కి ఇవ్వలేదు.

ఈ వాదన ఎక్కడ బలహీనపడుతుందో కూడా తెలుసుకోండి. వేగమే ఉద్యోగమైన చోట, అంటే టైపింగ్ వేగాన్ని కొలిచే పరీక్షలో, అది అసలు అర్హత అని యజమాని అంటే కోర్టు వింటుంది. అక్కడ అడగాల్సింది మినహాయింపో, వేరే పరీక్షో. మీది అలాంటిది కాదు. రుణాల నిబంధనలు, ఖాతాల లెక్కలు మీకు తెలుసో లేదో చూసే పరీక్షలో వేళ్ల వేగాన్ని కొలవడం తప్పు, దాన్ని సరిచేయమనడం దయ అడగడం కాదు.

ప్రైవేటు కంపెనీల్లో సెక్షన్ 20(2) నేరుగా పనిచేయదు. అక్కడ వివక్ష కూడదనే సెక్షన్ 3తో పాటు, సెక్షన్ 21 కింద కంపెనీ పెట్టుకోవలసిన సమాన అవకాశాల విధానాన్ని ఆధారం చేసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు డిపార్ట్‌మెంటల్ టెస్టుల విషయంలో రాష్ట్ర కమిషనర్‌ను ఆశ్రయించాలి, కోర్టు మాత్రం హైకోర్టే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్).

ఖర్చుకు భయపడి ఆగకండి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం వైకల్యం ఉన్న వ్యక్తికి ఉచిత న్యాయ సహాయం అందుతుంది, ఆదాయ పరిమితి అడ్డురాదు. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి సదరం పత్రం, రెండో వైద్య పత్రం, ప్రమోషన్ నోటిఫికేషన్, మీ దరఖాస్తు, బ్యాంకు జవాబు జతచేసి అర్జీ ఇవ్వండి. పరీక్షకు కనీసం పది రోజుల ముందు రిట్ దాఖలయ్యేలా చూసుకోండి.