బెంచీ మీద కూర్చున్న క్వార్టర్‌బ్యాక్: పోర్టల్‌లోకి వెళ్లాలా, ఉన్నచోటే ఆగాలా?

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం. 2001లో కన్సల్టెన్సీ ద్వారా డాలస్ వచ్చి ప్రాజెక్టు దొరక్క ఎనిమిది నెలలు బెంచీ మీద ఉన్నవాణ్ణి, ఆ బాధ నాకు తెలుసు. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. టెక్సాస్‌లోనే ఒక మధ్యస్థాయి యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఫుట్‌బాల్ టీమ్‌లో రెండో క్వార్టర్‌బ్యాక్. అక్టోబర్‌లో స్టార్టర్ భుజానికి దెబ్బ తగిలితే మావాడికి రెండు మ్యాచ్‌లు దొరికాయి. మొదటి మ్యాచ్‌లో మూడు ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ఎదుటి జట్టు చేతికి పోవడం) ఇచ్చి, సైడ్‌లైన్‌లో హెల్మెట్ విసిరికొట్టాడు. వీడికి మెచ్యూరిటీ లేదు, వీడి పని అయిపోయిందని ఫ్యాన్స్ రాశారు. అవన్నీ స్క్రీన్‌షాట్లు తీసి వాడికి పంపాను, మారతాడేమోనని. రెండో మ్యాచ్ గెలిచాడు. ఇప్పుడు వాళ్లే ఎదిగాడంటున్నారు. గెలిచిన రాత్రి ఫోన్ చేస్తే ‘సోమవారం స్టాటిస్టిక్స్ మిడ్‌టర్మ్ ఉంది డాడీ’ అని పెట్టేశాడు. మాతో అసలు మాట్లాడడు. స్టార్టర్ తిరిగొచ్చాడు, వీడు మళ్లీ బెంచీ. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో, పేరు పెడితే పెద్ద స్కూల్ (ఇక్కడ యూనివర్సిటీనే అలా అంటారు), మంచి డబ్బు వస్తాయని ఒక ఏజెంట్ అంటున్నాడు. ఉండమనాలా, వెళ్లమనాలా, ఆట మానేసి చదువుకోమనాలా? మూడూ పోల్చి చెప్పండి.

జవాబు: మీ మెయిల్ రెండుసార్లు చదివానండీ. ఇలాంటివి నాకు ఏటా డిసెంబర్‌లో వస్తూనే ఉంటాయి. ఒకరిది టెన్నిస్, ఒకరిది స్విమ్మింగ్, మీది ఫుట్‌బాల్. అడిగేది దారి గురించే అయినా, కింద ఉండే దిగులు మాత్రం ఒకటే: నా బిడ్డ వెనకబడిపోతున్నాడేమో, నలుగురిలో ఏం చెప్పుకోవాలి?

ఇండియా నుంచి చదివేవాళ్ల కోసం ఒక్క ముక్క. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే మన క్రికెట్‌లో కెప్టెనూ ఓపెనరూ ఒక్కడే అయినట్టు. మైదానంలో ఆ స్థానం ఒక్కటే. టీమ్‌లో ఆ పని చేయగలవాళ్లు నలుగురుంటే ముగ్గురు నిలబడి చూడాల్సిందే. అంటే బెంచీ మీద ఉండటం ఆ స్థానంలో ఎవరికైనా మామూలే. అది ఓడిపోవడం కిందికి రాదు.

మీ మెయిల్‌లో నన్ను ఆపేసిన వాక్యం, ఎనిమిది నెలల బెంచీ గురించి మీరు రాసింది. ఆ రోజుల్లో గెస్ట్‌హౌస్‌లో ఆరుగురితో కలిసి పప్పు, చారుతో వారాలు గడిపి, ఫోన్ మోగితే ప్రాజెక్టేమో అని ఉలిక్కిపడిన కుటుంబాలు నాకు చాలా తెలుసు. అప్పట్లో బెంచీ అంటే జీతం లేకపోవడం, వీసా పోతుందన్న భయం. మీ అబ్బాయి బెంచీకి స్కాలర్‌షిప్ ఉంది, క్లాసులున్నాయి, ఇంకా మూడేళ్ల ఆట ఉంది. మాట ఒకటే కాబట్టి మీ పాత భయం వచ్చి దీనిమీద కూర్చుంది. ఇది మీ తప్పని అనను. కానీ ఆ భయంతో వాడి నిర్ణయం మీరు తీసుకోకండి.

ఇక ఫ్యాన్స్ మాట. మన పక్కనే జరిగింది చూడండి. పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ల కుటుంబంలో పుట్టిన ఆర్చ్ మ్యానింగ్ ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో రెండు సీజన్లు క్విన్ యూయర్స్ వెనక ఆగాడు. ఇంటి పేరు చూసే ఎవరైనా పిలిచి టీమ్ అప్పగించేవారు, అయినా కదల్లేదు. 2025లో వంతు వచ్చింది. ఆగస్టు 30న ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడగానే ఇతని మీద పెట్టుకున్న ఆశలన్నీ ఉత్తవేనన్నారు. రెండు వారాల తర్వాత యూటెప్ అనే చిన్న జట్టు మీద మ్యాచ్ గెలుస్తూ ఉంటే కూడా సొంత స్టేడియంలోనే బూ అని అరిచారు. నవంబర్ 28న, అప్పటిదాకా ఓటమి ఎరుగని టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌ను 27-17తో ఓడించాక, కుర్రాడికి పరిపక్వత వచ్చిందని మళ్లీ వాళ్లే చెప్పుకున్నారు. మూడు నెలల్లో మారిందేమిటి? ఎక్కువగా స్కోరు. నన్నడిగితే ఆ కుర్రాడి పరిపక్వత, ఎవరూ చూడని ఆ రెండేళ్ల ఎదురుచూపులో కనిపిస్తుంది.

ఫ్యాన్స్‌ని తప్పు పట్టను. వాళ్లు టికెట్ కొన్నారు, శనివారం వాళ్లది, అరుస్తారు. మీరు తండ్రి. ఆ అరుపుల్ని స్క్రీన్‌షాట్లు తీసి 19 ఏళ్ల పిల్లాడి ఫోన్‌కి పంపడమేమిటండీ? ఆ మాటలు వాడు చూడలేదనుకున్నారా? మీకన్నా ముందే చూసి ఉంటాడు. ఊరంతా తిడుతున్నప్పుడు ఇంటి నుంచి కూడా అవే మాటలు వస్తే వాడు ఎటు పోవాలి? ఆపైన మాతో మాట్లాడడని నాకు ఫిర్యాదు రాశారు. కాస్త గట్టిగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. ఈ ఒక్క పని ఈరోజే మానేయండి.

మీరు ఫిర్యాదుగా రాసిన ఇంకో వాక్యం దగ్గర నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పాలి. అన్ని వేలమంది ముందు గెలిచిన రాత్రి, ఆ గెలుపు గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా సోమవారం స్టాటిస్టిక్స్ మిడ్‌టర్మ్ ఉందని చెప్పాడు చూడండి. రెండు వారాల ముందు హెల్మెట్ విసిరింది కూడా ఈ పిల్లాడే. మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చినవాడికి కోపం రాకపోతేనే నేను దిగులుపడేదాన్ని. ఎదగడమంటే ఫ్యాన్స్‌కి స్కోరుబోర్డు. నేను చూసేది ఇలాంటి ఫోన్ కాల్స్‌నే.

పోర్టల్ సంగతికొద్దాం. దీనిమీద నాకు అనుమానాలు చాలా ఉన్నాయి, దాచుకోను.

2021 నుంచి రెండు తలుపులు ఒకేసారి తెరుచుకున్నాయి. ఒకసారి స్కూల్ మారినా ఏడాది ఆగక్కర్లేదన్నారు. పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. 2025లో కోర్టు ఒప్పందం కుదిరాక స్కూళ్లే ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో స్కూల్‌కి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల పరిమితి. పిల్లలకు న్యాయంగా రావాల్సిన డబ్బే, నేను కాదనను. కానీ ఆ పరిమితి స్కూల్లోని అన్ని ఆటలకూ కలిపి. ఫుట్‌బాల్‌కి ఎంత పెద్ద వాటా వచ్చినా ముందు స్టార్టర్లకు పోతుంది. రెండు మ్యాచ్‌ల వీడియో ఉన్న క్వార్టర్‌బ్యాక్ దాకా వచ్చేసరికి ఎంత మిగులుతుందో ఏజెంట్‌ని కాగితం మీద రాసిమ్మనండి.

ఆ ఏజెంట్‌ని ఇంకో మాట కూడా అడగండి, నీ కమిషన్ ఎంత అని. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఏజెంట్ 3 శాతం మించి తీసుకోవడానికి లేదు. కాలేజీ స్థాయిలో దేశమంతటికీ వర్తించే అలాంటి కట్టడి లేదు. 2026 జనవరిలో పోర్టల్ తెరిచి ఉండేది 2వ తేదీ నుంచి 16 దాకా మాత్రమే. వ్యవధి తక్కువ కాబట్టి తొందరపెడతారు. తొందరపడి పేరు పెట్టాక, సెమిస్టర్ అయ్యాక పాత స్కూల్ స్కాలర్‌షిప్ ఆపేస్తే గట్టిగా అడగలేరు. అటు ఎవరూ పిలవకపోతే, ఇటూ అటూ కాకుండా పోతాడు.

రెండేళ్ల క్రితం ఒక కుటుంబం మా ఇంటికొచ్చింది. తెలుగువాళ్లు కాదు, మా వీధివాళ్లే. అబ్బాయి మూడేళ్లలో మూడు స్కూళ్లు మారాడు. వాళ్లమ్మ మూడు ట్రాన్స్‌క్రిప్టులు డైనింగ్ టేబుల్ మీద పరిచింది. ఒక్కొక్క కోర్సు పక్కన పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటూ వచ్చాం. థర్మోడైనమిక్స్ ల్యాబ్ కొత్త స్కూల్లో లెక్కలోకి రాలేదు, ఎలక్టివ్ అన్నారు. రెండు లెక్కల కోర్సులదీ అదే కథ. పేజీ చివరికొచ్చేసరికి ఎలక్టివ్ అన్న మాటే పదకొండుసార్లు ఉంది. ఆ పిల్లాడు టేబుల్ అంచు గీరుతూ తలొంచుకుని కూర్చున్నాడు. డిగ్రీకి ఇంకా రెండేళ్లు, ఆటకు ఒక్క ఏడాది. ఆ మధ్యాహ్నం నేను మర్చిపోలేను. పోర్టల్ పేరెత్తితే నాకు ముందు ఆ పెన్సిల్ గుర్తులే కనిపిస్తాయి.

దీని వెనక ఉన్న నియమం మీకు ఏజెంట్ చెప్పి ఉండడు. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడాలంటే రెండేళ్లు పూర్తయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, మూడేళ్లకు 60, నాలుగేళ్లకు 80 శాతం అయిపోయి ఉండాలి. స్కూల్ మారితే ఆ లెక్క కొత్త స్కూల్ డిగ్రీ ప్రకారం చూస్తారు. ఇంజినీరింగ్ పిల్లాడికి ఇది చాలా కష్టం. అందుకే చాలామంది మారినప్పుడల్లా సులువైన డిగ్రీలోకి జారిపోతారు. మీవాడు ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ ఇష్టపడి తీసుకున్నాడా, మీకోసం తీసుకున్నాడా అన్నది నాకు తెలియాలి. ఇష్టపడి తీసుకున్నదైతే ఇప్పుడు మారడం నాకు బొత్తిగా నచ్చదు.

మారినవాళ్లు బాగుపడలేదా అంటారు. పడ్డారు. క్యామ్ వార్డ్ మన శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న స్కూల్లో మొదలుపెట్టి, వాషింగ్టన్ స్టేట్, మయామీ దాటుకుని 2025 డ్రాఫ్ట్‌లో (ఎన్ఎఫ్ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే చోట) మొట్టమొదటి పిలుపు అందుకున్నాడు. అతను రెండుసార్లు మారినా, స్టార్టర్‌గా ఆడిన సీజన్లు చూపించి మారాడు. అదే ఏడాది ఇంకో కథ: నికో ఇయమలేవా టెన్నెసీని ప్లేఆఫ్స్ దాకా తీసుకెళ్లాక, ఏప్రిల్‌లో యూసీఎల్‌ఏకు వెళ్లాడు. డబ్బు దగ్గర తేడా వచ్చిందని వార్తలు వచ్చాయి. అక్కడ అతన్ని తీసుకున్న హెడ్ కోచ్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడగానే ఉద్యోగం పోగొట్టుకున్నారు. నిన్ను నేను చూసుకుంటానన్న కోచ్ సెప్టెంబర్ దాటి ఉంటాడన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

ఏజెంట్లు తప్పకుండా చెప్పే పేర్లు రెండు, జేలెన్ హర్ట్స్, జో బరో. ఈ ఇద్దరి కథ పూర్తిగా వినండి. హర్ట్స్ హ్యూస్టన్ పక్కన ఛానల్‌వ్యూ కుర్రాడు, తండ్రే హైస్కూల్ కోచ్. 2018 జనవరిలో, దేశమంతా చూస్తున్న ఛాంపియన్‌షిప్ ఫైనల్లో, సగం ఆటయ్యాక అలబామా కోచ్ అతన్ని పక్కన పెట్టి తొలి ఏడాది కుర్రాడు టువాను దింపారు. జట్టు గెలిచింది, ఇతను సైడ్‌లైన్‌లో ఉన్నాడు. అప్పటికి 19 ఏళ్లు, సరిగ్గా మీవాడి వయసు. తర్వాతి ఏడాది అక్కడే బ్యాకప్‌గా ఉన్నాడు. డిసెంబర్‌లో అలబామా ఆడే లీగ్ ఎస్ఈసీ ఫైనల్లో టువాకు దెబ్బ తగిలితే దిగి, వెనకబడిన మ్యాచ్‌ని 35-28తో గెలిపించాడు. అదే నెలలో డిగ్రీ పట్టా తీసుకున్నాడు. ఆ తర్వాతే ఓక్లహోమా వెళ్లాడు. 2025 ఫిబ్రవరిలో ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచి, అందులో ఉత్తమ ఆటగాడు (ఎమ్‌వీపీ) అయ్యాడు.

బరో కూడా అంతే. ఒహాయో స్టేట్‌లో మూడేళ్లు వెనక వరసలో ఉండి, డిగ్రీ ముగించి, 2018లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్) వెళ్లాడు. మొదటి ఏడాది మామూలుగానే గడిచింది. రెండో ఏడాది 60 టచ్‌డౌన్ పాసులు, కాలేజీ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్, ఛాంపియన్‌షిప్. వెళ్లినవాళ్లుగా మీకు చూపిస్తున్న ఇద్దరూ పట్టా చేతిలో పట్టుకుని వెళ్లినవాళ్లు. మీవాడు ఇంకో ఏడాదిన్నర కష్టపడి, వేసవి క్లాసులు తీసుకుంటే డిగ్రీ చాలావరకు దగ్గర పడుతుంది. అప్పుడు మారాలనుకుంటే క్రెడిట్ల గొడవ ఉండదు, మాస్టర్స్‌లో చేరి ఆడుకోవచ్చు.

మూడో దారి, ఆట మానేయడం. దీనికి నేను ఎక్కువ రాయను. డ్రాఫ్ట్‌కి అర్హులైన కాలేజీ ఆటగాళ్లలో ఎంపికయ్యేది దాదాపు 1.6 శాతమని కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ వాళ్లే చెబుతారు. ఆ లెక్క మీవాడికి మీకన్నా బాగా తెలుసు. తెలిసీ ఉదయం ఐదింటికి లేచి వెయిట్ రూమ్‌కి వెళ్తున్నాడంటే అక్కడ వాడికి ఇంకేదో దొరుకుతోంది. చదువు, ఆట కలిసి సాగవన్న మాట కూడా నిజం కాదు. జాషువా డాబ్స్ టెన్నెసీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడుతూ ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చేశాడు, ఎన్ఎఫ్ఎల్‌కి ఆడుతూ నాసాలో కూడా కొన్నాళ్లు పనిచేశాడు. స్టాన్‌ఫోర్డ్‌లో ఆండ్రూ లక్, 2011లోనే డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా పోతాడని అందరూ అంటుంటే, ఆగి ఆర్కిటెక్చరల్ డిజైన్ డిగ్రీ పూర్తి చేసి, 2012లో మొదటి పిలుపే అందుకున్నాడు. దెబ్బల వల్ల 29 ఏళ్లకే ఆట వదిలేశాడు. ఇప్పుడు అదే స్టాన్‌ఫోర్డ్ ఫుట్‌బాల్‌కి జనరల్ మేనేజర్.

పోలిక అడిగితే ఇలా ఒకవైపే మాట్లాడానేమిటని మీకు అనిపించవచ్చు. మూడు గళ్ల పట్టిక వేసి ఇస్తే దాన్ని కూడా వాడికి వాట్సాప్‌లో పంపేస్తారని భయపడ్డాను. ఈ జనవరికి నా మాట ఉండమనే. మీవాడు పాడైపోలేదు, వెనకబడలేదు. రెండో సంవత్సరంలో రెండు మ్యాచ్‌లు ఆడి, ఒకటి ఓడి, ఒకటి గెలిచి, మిడ్‌టర్మ్ రాసుకుంటున్న పిల్లాడు. ఇంట్లో వాళ్లమ్మగారికి కూడా ఈ మాట చెప్పండి, కాస్త నిద్రపోతారు.

సెలవులకు ఇంటికొచ్చాక వాడి కోచ్‌తో సీజన్ చివరి మీటింగ్ ఎలా జరిగిందో వాణ్ణే చెప్పనివ్వండి. డెప్త్ చార్ట్‌లో (ఎవరి తర్వాత ఎవరన్న జాబితాలో) తనది రెండో స్థానమేనా, స్టార్టర్‌కి ఇంకా ఎన్నేళ్లున్నాయి, వసంతంలో పోటీ నిజంగా ఉంటుందా అన్న మూడూ వాడు కోచ్‌ని అడిగి ఉండాలి. అడగకపోతే ఇప్పుడు వెళ్లి అడగాలి, మీరు ఫోన్ చేయకూడదు. కోచ్ మొహం చాటేస్తే, లేదా కోచే మారిపోతే, నా అభిప్రాయం కూడా మారవచ్చు.

అప్పటిదాకా ఏజెంట్ పంపే ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. ట్రాన్స్‌క్రిప్ట్, డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఏ కోర్సులు అయ్యాయో, ఏవి మిగిలాయో చూపే కాగితం) నాకు పంపమనండి, డిసెంబర్ 28 లోపు చూసి పెడతాను. తర్వాత ఒక గంట కాల్ పెట్టుకుందాం. ఆ కాల్‌లో వాడొక్కడే ఉండాలి.