పాత టీవీ బొమ్మ కోసం: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

కరీంనగర్ నుంచి నీ మేనమామ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి నీ దసరా ఏర్పాట్లన్నీ చెప్పింది. కాజీపేట ఇంట్లో మేడ మీది గదిలో కంప్యూటర్ పెట్టి, మీరంతా చిన్నప్పుడు ఆడిన వీడియో గేములను ఇప్పటి పిల్లలకు చూపిస్తావట. బొమ్మ కూడా ఆనాటి డబ్బా టీవీలో వచ్చినట్టే రావాలని పట్టుబట్టి కూర్చున్నావట. బతుకంతా ఆ టీవీలు బాగుచేసిన నాకు ఈ మాట ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను. కానీ పోల్చి చూసుకోవడానికి సజ్జ మీది పాత టీవీని దింపి, దాని వెనక మూత నువ్వే విప్పుతావన్న మాట వినగానే ఆ సంతోషం మీద భయం కమ్ముకుంది. అందుకే ముందు టీవీ సంగతి రాస్తున్నాను, కంప్యూటర్ సంగతి తర్వాత.

నేను వచ్చేదాకా ఆ మూత విప్పవద్దు. కలర్ పిక్చర్ ట్యూబుకు ఇరవై వేల వోల్టులకు పైగా కరెంటు అందుతుంది. ప్లగ్గు పీకినంత మాత్రాన అది పోదు. ట్యూబు గాజు లోపలి పూతకూ బయటి నల్ల పూతకూ మధ్య కండెన్సరులా పనిచేసి ఆ చార్జిని పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి సజ్జ మీద పడి ఉన్న టీవీలో ఇప్పుడు చార్జి మిగిలి ఉండకపోవచ్చు. అయితే నువ్వు ఒక్కసారి ఆన్ చేసి, బొమ్మ రాలేదని ఆపి, వెంటనే మూత తీసి చెయ్యి పెట్టావనుకో, ఆ వేల వోల్టులన్నీ అక్కడే ఉంటాయి. పవర్ సప్లైలోని పెద్ద కండెన్సరు మరో మూడు వందల వోల్టులు దాచుకుని కూర్చుంటుంది. ఎలుకలు తీగల తొడుగు కొరికి ఉంటే ఎక్కడి కరెంటు ఎక్కడికి పారుతుందో తెలియదు. అనుభవం ఉన్న మెకానిక్ కూడా అలాంటి సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టడు. సిరీస్ బల్బు మీద, అంటే కరెంటు ఒక బల్బు గుండా మాత్రమే సెట్టుకు వెళ్లేలా పెట్టి, బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి తగ్గుతుందా, లేక అలాగే వెలుగుతూ ఉంటుందా అని చూస్తాడు. తగ్గకపోతే లోపల షార్టు ఉన్నట్టే. దింపేటప్పుడు కూడా ఇద్దరు పట్టుకోండి. బరువంతా ముందు గాజులోనే ఉంటుంది కాబట్టి తెర ఛాతీ వైపు ఉండాలి. వెనక నెక్, అంటే ట్యూబు మెడ, సన్నటి గాజు, దానికి దెబ్బ తగలకూడదు.

ఇక నీ అసలు పని. పాత గేములను కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ రెట్రోఆర్క్ పెట్టుకోవడం, గేము ఎక్కించుకోవడం నీకు నేను చెప్పాలా. బొమ్మ నిష్పత్తి 4:3 ఉంచు. బొమ్మను రెండింతలు, మూడింతలు ఇలా పూర్తి రెట్లలోనే పెంచే ఇంటీజర్ స్కేల్ ఆన్ చెయ్యి. 1080 గీతల తెర మీద 240 గీతల బొమ్మ నాలుగింతలై 960 అవుతుంది, పైనా కిందా కాస్త నలుపు మిగిలితే మిగలనీ. అంచులు వంచే సెట్టింగు కొద్దిగానే పెట్టు, ఎక్కువైతే బొమ్మ గిన్నెలో పోసినట్టు ఉంటుంది.

అందరూ తప్పు చేసేది గీతల దగ్గర. స్కాన్‌లైన్లంటే బొమ్మ మీద నల్లగీతలు గీయడమే అనుకుంటారు. ట్యూబు ఏనాడూ నల్లగీత గీయలేదు, అది గీసింది వెలుగునే. మన టీవీ ప్రసారాల పద్ధతి అయిన పాల్‌లో ఉన్న 625 గీతలను టీవీ ఒక విడతకు సగం, మరో విడతకు సగం చొప్పున, రెండో సగం మొదటి సగం సందుల్లో పడేలా గీస్తుంది. గేమ్ డబ్బా మాత్రం ప్రతిసారీ ఒకే రకం విడత పంపేది. దాంతో ఎలక్ట్రాన్ ధార అవే గీతల మీదుగా మళ్లీ మళ్లీ వెళ్లేది, మధ్య సందులు వెలగకుండా ఉండిపోయేవి. తెల్లటి మేఘం దగ్గర ధార బలంగా ఉంటుంది కనుక గీత లావై సందును దాదాపు పూడ్చేస్తుంది, ముదురు నీలం దగ్గర గీత సన్నబడి సందు తెలుస్తుంది. బొమ్మను పాత టీవీలా మార్చి చూపే చిన్న ప్రోగ్రామును షేడరు అంటారు, వెలుగును బట్టి గీత లావు మారే షేడరునే ఎంచుకో. సీఆర్‌టీ-జియోమ్‌తో మొదలుపెట్టు, నీ కంప్యూటర్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే సీఆర్‌టీ-రాయల్, గెస్ట్-అడ్వాన్స్‌డ్ కూడా చూడు. తెరకు ముక్కు ఆనించి కాకుండా, పిల్లలు కూర్చునే దూరం నుంచి చూసి తేల్చుకో.

వెలుగు మాటకొస్తే నీకు ఒక పాత కథ చెప్పాలి. నేను వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక షాపులో పని నేర్చుకుంటున్న రోజులవి. ఎమిషన్, అంటే ఎలక్ట్రాన్లు వదిలే శక్తి, తగ్గిపోయిన పాత ట్యూబులున్న సెట్లను కొని, కొత్తవాటిలా కనిపించేలా చేసి అమ్మడం ఆ యజమానికి అలవాటు. ట్యూబుకు ఆ వేల వోల్టులు అందించే ట్రాన్స్‌ఫార్మరు ఎల్‌ఓటీ మీద రెండు నాబులుంటాయి. పైది ఫోకస్, కిందిది స్క్రీన్. ఆయన ఆ కింది నాబును పెంచేవాడు. బొమ్మ ఒక్కసారిగా తెల్లగా, కంటికి నిండుగా కనిపించేది, కొనేవాళ్లు మురిసిపోయేవారు. కానీ అలా చేస్తే నలుపన్నదే మిగలదు. రాత్రి సన్నివేశం బూడిద రంగులోకి మారుతుంది, తెర మీద ఏటవాలుగా సన్నటి తెల్లగీతలు తేలుతాయి, నల్లటి జుట్టు మీద పొగ కమ్మినట్టు ఉంటుంది. పరకాల నుంచి వచ్చిన ఒక బడిపంతులు అలాంటి సెట్టు పట్టుకెళ్లి, కొన్నాళ్లకే బస్సు టాపు మీద వేసుకుని తిరిగి తెచ్చాడు. పిల్లలు చూస్తుంటే మొహాలన్నీ పాలిపోయి కనిపిస్తున్నాయనీ, తన కళ్లే చెడిపోయాయేమోనని డాక్టరుకు కూడా చూపించుకున్నాననీ ఆయన మెల్లగా చెప్పాడు. ట్యూబు పూర్తిగా అరిగిపోయింది. యజమాని ఆయన డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఆ మనిషి టీవీని మళ్లీ బస్సు ఎక్కించుకుని వెళ్లిన తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇదంతా నీకెందుకంటే, ఇప్పుడు కంప్యూటర్‌లో అదే నాబును తిప్పుతున్నారు. గీతల మధ్య సందులూ, ట్యూబు తెర మీది రంగు చుక్కల్లా షేడరు వేసే ఎరుపు ఆకుపచ్చ నీలం గళ్ల మాస్కూ కలిసి బొమ్మలో సగానికి సగం వెలుగు తినేస్తాయి. చీకటయిందని షేడరులో బ్రైట్‌నెస్ పెంచుతారు, గామా మారుస్తారు, అప్పుడు నలుపు బూడిదవుతుంది. నువ్వు అలా చేయకు. మానిటర్ బ్యాక్‌లైటును పూర్తిగా పెంచు, తెరకు మరింత వెలుగు చూపే హెచ్‌డీఆర్ ఉంటే దాన్ని వాడు, గదిలో ట్యూబులైటు ఆపెయ్యి. నలుపును మాత్రం ముట్టుకోకు.

మాస్కు విషయంలోనూ మితంగా ఉండు. నా చేతిమీదుగా వెళ్లిన సెట్లలో ఎక్కువ స్లాట్ మాస్కువే. భూతద్దం పెట్టి చూస్తే మూడు రంగుల పొట్టి నిలువు పట్టీలు, పక్క వరుస సగం ఎత్తు కిందికి జరిగి కనిపిస్తాయి. అంత సన్నటి పనిని 1080 తెర సరిగా చూపలేదు, 4కే తెర అయితే కొంత నయం.

కాంపోజిట్ తీగ, అంటే గేమ్ డబ్బా నుంచి టీవీకి బొమ్మ తెచ్చే పసుపు తీగ, దాని ప్రభావం చూపే షేడరును కూడా జోడించు. ఆ పసుపు తీగలో రంగులు ఒకదానిలోకి ఒకటి కొద్దిగా కారేవి, ఆటలు తయారుచేసినవాళ్లు దాన్నే వాడుకున్నారు. 1991లో వచ్చిన సోనిక్‌లో జలపాతం నిజానికి నిలువు చారలే. తీగ వాటిని కలిపేయడం వల్ల నీటి వెనక కొండ కనిపించేది. ఆట నీకు గుర్తున్నదానికన్నా వేగంగా నడుస్తున్నట్టు అనిపిస్తే నీ జ్ఞాపకం తప్పనుకోకు. ఆ ఆటలు సెకనుకు 60 బొమ్మలకు చేసినవి, మన పాల్ డబ్బాలు 50తో నడిచేవి. ఆటను అందుకు తగ్గట్టు మార్చకపోతే ఆరో వంతు నెమ్మదిస్తుంది. ఎమ్యులేటర్‌లో రీజియన్, అంటే 50, 60లలో ఏ పద్ధతి అన్నది, మార్చి చూసుకో.

పిల్లలు తెర మీది బాతులను కాల్చే ఆట తుపాకీ అడుగుతారు, నువ్వు కూడా మా షాపు బల్ల మీద ఎక్కి దానికోసమే ఏడ్చేవాడివి. ఎల్‌సీడీ తెర మీద అది పనిచేయదు. ట్యూబు మీద వెలుగు ఏ క్షణాన వస్తుందో దాన్ని నమ్ముకుని చేసిన తుపాకీ అది, ఎల్‌సీడీలో బొమ్మ ఆలస్యంగా వస్తుంది. ఏ షేడరూ ఆ లోటు తీర్చలేదు, కాబట్టి తుపాకీ కోసమైనా ఆ టీవీ బాగుపడాలి.

పోల్చడానికి హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే డబ్బా మాత్రం కొనకు. అది ఒకదాని సందుల్లో ఒకటి పడే రెండు విడతల బొమ్మ పంపుతుంది, నువ్వు వెతికే సందులు అందులో కనిపించవు. మీ అమ్మ బీరువా మీద దాచిన పాత గేమ్ డబ్బానే టీవీకి కలుపుదాం. సద్దుల బతుకమ్మ నాటికి మీటరూ సిరీస్ బల్బూ పట్టుకుని వస్తాను. అప్పటిదాకా టీవీని దింపి గోడవారగా పెట్టు, పైన దుమ్ము పొడిబట్టతో తుడువు, ప్లగ్గు పెట్టకు. గేమ్ డబ్బా అడాప్టరును కూడా నేను మీటరుతో చూశాకే కలుపుదువు గాని.

నీ మేనమామ