చీటీ దేవుడి ముందు పెట్టా, తీసింది మాత్రం నా వేళ్ళే

"పెద్ద నిర్ణయాలప్పుడు దేవుడి మీద భారం వేసేయొచ్చా, లేక మనమే తేల్చుకోవాలా?" అని అడిగారు. తేల్చుకోవడం మన పనేనండీ, భారం వేయడం ఆ తర్వాత. ఈ వరస తారుమారు చేసి నేను ఎక్కడిదాకా వెళ్ళానో చెప్తా.

నాకు 29 ఏళ్ళప్పుడు, బానే నడుస్తున్న ఉద్యోగం వదిలేసి వినికిడి లేని పిల్లలకి చదువు చెప్పే రెండేళ్ళ కోర్సులో చేరాలా వద్దా అని నాలుగు నెలలు నలిగిపోయా. నాన్నకి అస్సలు ఇష్టం లేదు. ఓ రాత్రి అందరూ పడుకున్నాక రెండు చీటీలు రాసి దేవుడి పటం ముందు పెట్టా. ‘వెళ్ళు’ అన్నది పాత క్యాలెండర్ కాగితం మీద, ‘ఆగు’ అన్నది నోట్‌బుక్ చింపి. కావాలని కాదు, చేతికి అవే దొరికాయి. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని చెయ్యి చాపితే ముందు పల్చటి కాగితం తగిలింది, వదిలేశా. పక్కన మందంగా, మడత ఆగక కొంచెం విచ్చుకున్నది తగిలింది, పట్టుకున్నా. విప్పకముందే తెలుసు అందులో ఏముందో.

ఎంత సంతోషమేసిందో! కానీ అదే క్షణంలో నాన్నతో చెప్పాల్సిన మాట కూడా మనసులో రెడీ అయిపోయింది, ‘దేవుడే వెళ్ళమన్నాడు నాన్నా’ అని. ఆ మాటంటే ఆయన ఇంకేం మాట్లాడగలరు? నా కోరిక కింద దేవుడి సంతకం నేనే పెట్టేసి కన్నతండ్రి నోరు మూయించబోయా. ఒళ్ళు జలదరించింది. రెండూ చింపేసి పొద్దున్నే ‘ఇది నా నిర్ణయం నాన్నా, తప్పైతే నేనే పడతా’ అని చెప్పా. మూడు వారాలు ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఈమధ్య ‘ఈ వీడియో మీ కంటపడిందంటే అది సంకేతమే’ అనే రీల్స్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది మీకు వ్యూస్ కోసం పంపిన సంకేతం అంతే, దాన్ని చూసి పెళ్ళిళ్ళు ఒప్పుకునేవాళ్ళు, ఉద్యోగాలు మానేసేవాళ్ళు ఉన్నారు, ఎంత అన్యాయం! గీతలో చూడండి, సారథిగా పక్కనే ఉన్న కృష్ణుడు కూడా అర్జునుడికి చీటీ తీసివ్వలేదు. 18వ అధ్యాయం 63వ శ్లోకంలో, ఇదంతా పూర్తిగా ఆలోచించుకుని ‘యథేచ్ఛసి తథా కురు’, నీకెలా అనిపిస్తే అలా చెయ్యి అన్నాడు. నన్నే శరణు వేడు అన్నది 66వ శ్లోకంలో, అంటే ఆ తర్వాతే. ఆ వరస ఊరికే రాలేదని నా గట్టి నమ్మకం.

మీరు కూడా ఇంట్లో చెప్పబోయే మాట ఓసారి కాగితం మీద రాసి, అందులోంచి ‘దేవుడు’ అన్న పదం కొట్టేసి చదవండి. అప్పటికీ ఆ మాట నిలబడితే ముందుకెళ్ళండి.

మరి నమ్మకం దేనికి అంటారా, నాకది కోర్సులో చేరాక కావాల్సొచ్చింది. ట్రైనింగ్ క్లాసులో ఓ పిల్లాడు రెండు నెలలు నా మొహం వైపే చూడలేదు, నేనేం సైగ చేసినా గోడ వైపు తిరిగిపోయేవాడు. రోజూ రాత్రి మానేద్దామనిపించేది. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండుకి కాలు విరిగి, మంచం మీద తన ఆలోచనల్ని పరీక్షించుకుంటూ మారిపోయిన ఇగ్నేషియస్ లొయోలా అని స్పెయిన్‌లో ఒక క్రైస్తవ సాధువు ఉండేవారు, మనసు చీకటిగా ఉన్నప్పుడు పాత నిర్ణయం మార్చొద్దని ఆయన నియమం. ఆ ఒక్కటీ పట్టుకుని, ‘రేపు ఒక్కరోజు వెళ్ళే బలం ఇవ్వు స్వామీ’ అని మాత్రమే అడిగేదాన్ని. సంకేతం అడగడం మానేశా.

మూడో నెలలో ఓ మధ్యాహ్నం ఆ పిల్లాడే వచ్చి నా చున్నీ పట్టుకుని లాగి, కిటికీ బయట వాన చూపించి, రెండు చేతులూ పైనించి కిందకి దించుతూ ‘వాన’ అని సైగ చేశాడు.