సిలిండర్‌లో 700 గ్రాముల గ్యాస్ తక్కువైతే ఏం చేయాలి?

ప్రశ్న: లాయర్ గారూ, మాది నల్లగొండ. మొన్న వచ్చిన గ్యాస్ సిలిండర్ తేలిగ్గా ఉందనిపించి, సీలు తీయకుండా మా వీధి కిరాణా కొట్టులో తూయిస్తే 29.1 కిలోలు వచ్చింది. సిలిండర్ మీద 15.6 అని ఉంది. ఏజెన్సీలో అడిగితే, ‘ముప్పై కిలోల బండలో 700 గ్రాములంటే రెండు శాతమే కదమ్మా, ఆ మాత్రం తేడా మామూలే’ అన్నారు. నేను రూ.905 కట్టాను. ఇంత చిన్న మొత్తానికి కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మా, ముందు వాళ్లు చెప్పిన లెక్క సరిచేద్దాం. మీరు చెప్పిన 15.6 ఖాళీ సిలిండర్ బరువు. పైన పిడి కింద ఉండే నిలువు పట్టీల మీద దాన్ని ముద్రిస్తారు, ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా ఉంటుంది. దానికి 14.2 కిలోల గ్యాస్ కలిపితే 29.8 రావాలి. మీకు 29.1 వచ్చింది కాబట్టి 700 గ్రాములు తక్కువ. ఏజెన్సీ వాళ్లు దాన్ని ఇనుముతో కలిపిన బరువు మీద లెక్కగట్టి రెండు శాతం అన్నారు. మీరు కొన్నది గ్యాస్, ఇనుము కాదు. ఖాళీ సిలిండర్ ఎలాగూ తిరిగి ఇచ్చేస్తారు. 14.2 కిలోల్లో 700 గ్రాములంటే దాదాపు 4.9 శాతం, డబ్బు రూపేణా సుమారు రూ.45.

తేడా మామూలే అన్న మాటకూ హద్దు ఉంది. ప్యాక్ చేసి అమ్మే సరుకులకు వర్తించే ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, 2011 ప్రకారం 10 నుంచి 15 కిలోల ప్యాకింగ్‌లో అనుమతించే తేడా 150 గ్రాములు. మీ సిలిండర్‌లో తగ్గింది దానికి నాలుగు రెట్లకు పైనే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పెద్ద సాక్ష్యం ఆ సీలే. దయచేసి దాన్ని తీయకండి. పొయ్యికి బిగించారంటే, ఎంత తక్కువొచ్చిందో ఆ తర్వాత ఎవరూ తేల్చలేరు. ‘పోయిన నెల సిలిండర్ 24 రోజులకే అయిపోయింది’ లాంటి మాటలు వినియోగదారుల కమిషన్ (వినియోగదారుల కోర్టు) ముందు నిలబడవు, వంట ఎక్కువ చేశారంటారు. సీలు, ఖాళీ బరువు అంకె, కాటా మీది అంకె స్పష్టంగా కనిపించేలా ఫోటోలు తీసుకోండి. కిరాణా కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. ముద్ర లేకపోతే ఆ తూకాన్ని అవతలివాళ్లు తేలిగ్గా కొట్టిపారేస్తారు.

తర్వాత మీ జిల్లా తూనికలు కొలతల శాఖ అధికారికి, గ్యాస్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రసీదు నకలు జతచేయండి. నా అభిప్రాయంలో కోర్టు కంటే ముందు తట్టవలసిన తలుపు ఇదే. అధికారి మీ సిలిండర్‌తో పాటు ఏజెన్సీ గోడౌన్‌లో ఉన్నవాటినీ తూచవచ్చు. మీ ఒక్కరికే తగ్గిందో, ఊరందరికీ తగ్గుతోందో అప్పుడు బయటపడుతుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయవచ్చు.

అప్పటికీ సిలిండర్ మార్చకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు తప్పకుండా వెళ్లవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. కట్టిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. గ్యాస్ ప్లాంటులో తగ్గిందా, దారిలో ఎవరైనా తీశారా అని మీరు తలపట్టుకోనక్కర్లేదు. ఏజెన్సీనీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. రూ.45 కోసమే కాక, మీరు పడ్డ టెన్షన్‌కు పరిహారం, ఖర్చులు కూడా అడగండి. ఎంత ఇవ్వాలన్నది కమిషన్ నిర్ణయం.

ఇకపై డెలివరీ బాయ్‌కి ఫోన్‌లో వచ్చిన కోడ్ చెప్పకముందే తూచి చూపించమనండి. అడిగితే తూచి ఇవ్వడం వాళ్ల బాధ్యత, దానికి అదనంగా డబ్బు ఇవ్వనక్కర్లేదు. కాటా తేలేదంటే సిలిండర్ తీసుకోకుండా వెనక్కి పంపండి.